లోయ వైపు వీపు పెట్టి

పిల్లలకి సెలవులు వస్తున్నాయంటే కొండ మీదికి వెళ్దామన్న మాట చాలా ఇళ్ళల్లో వినపడుతుంది. ఊటీయా, కొడైకెనాలా, హార్సిలీ హిల్సా అని వారం రోజులు చర్చ నడుస్తుంది. మాది విజయనగరం. మాకు ఆ చర్చ లేదు. మాకు కొండంటే అరకే. పొద్దున్న బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటాం. అందుకని ఈవేళ అరకు కబుర్లే చెప్తాను. అక్కడ చూడదగ్గవి ఏమేం ఉన్నాయో మీకు ఎవరైనా చెప్తారు. పిల్లల చేతులకి అక్కడ పని ఎలా దొరుకుతుందో నేను చెప్తాను. ఒకసారి బోల్తా పడి నేర్చుకున్నదాన్ని కాబట్టి, చెప్పే హక్కు కాస్త ఉందనుకుంటాను.

రెండేళ్ళ కిందట మా అమ్మాయీ అల్లుడుగారూ హైదరాబాదు నుంచి పిల్లలతో వచ్చారు. చేతిలో ఒక్కటే రోజు. తెల్లవారకుండానే వ్యాను మాట్లాడుకుని బయల్దేరాం. డ్రైవరు ఎక్కగానే జాబితా అప్పజెప్పాడు. అనంతగిరి, బొర్రా గుహలు, గాలికొండ, తోట, మ్యూజియం, చాపరాయి. "అన్నీ కవర్ చేసేద్దామండీ, రాత్రి తొమ్మిదికల్లా ఇంటి దగ్గర దింపేస్తాను" అన్నాడు. మాట తప్పలేదు పాపం. ఘాట్ రోడ్డులో పిల్లలకి రెండుసార్లు వాంతులయ్యాయి, అయినా అన్నీ చూశాం. గాలికొండ దగ్గర ఆగినప్పుడు మేం పెద్దవాళ్ళం కట్ట పట్టుకుని లోయలోకి చూస్తూ "అబ్బ, అబ్బ" అనుకుంటున్నాం. వెనక్కి తిరిగితే పిల్లలిద్దరూ లోయ వైపు వీపు పెట్టి, టీ బడ్డీ పక్కన కట్టేసిన మేకపిల్ల ముందు గొంతుక్కూర్చుని ఉన్నారు. అది మా మనవరాలి చెప్పు పట్టీ నములుతోంది. ఇది ఆనందంతో కదలకుండా కాలు చాపి కూర్చుంది.

రాత్రి ఇంటికొచ్చాక అన్నం కలిపి పెడుతూ అడిగాను, "అరకులో నీకేం బాగుందే?" అని. "మేక" అంది. పెద్దవాడు కూడా చాలాసేపు ఆలోచించి, "మేకే" అన్నాడు.

నాకు మొదట నవ్వొచ్చింది. తరవాత వ్యాను కిరాయి గుర్తొచ్చింది. కానీ పిల్లల తప్పేముంది? దూరాన నీలంగా కనపడే కొండ వరస మనకి బాగుంటుంది. ఎందుకంటే ఏడాది పొడుగునా మన చూపు నాలుగు గోడలకి కొట్టుకుని ఆగిపోతూ ఉంటుంది. ఏడేళ్ళ పిల్లకి ఆ కొండ క్యాలెండరు మీది బొమ్మ. ముట్టుకోవడానికి లేదు, ఎక్కడానికి లేదు, పిలిస్తే పలకదు. మేక పలికింది.

అందుకని కిందటేడు నవంబరు చివర్లో మళ్ళీ వెళ్ళినప్పుడు పెత్తనం నేను తీసుకున్నాను. మూడు రాత్రులు ఉండేలా వెళ్ళాం. పూటకి ఒక్కటే చోటు. ఆ చోట పిల్లలు చేత్తో పట్టుకునేది ఏదో ఒకటి ఉండి తీరాలి. బడికి నాలుగు రోజులు సెలవు పెట్టించాం. ముప్పై ఏళ్ళు పంతులమ్మగా చేసినదాన్ని, ఈ మాట రేడియోలో చెప్పకూడదు. కానీ డిసెంబరు ఆఖరి వారంలో అరకు వెళ్ళి ట్రాఫిక్‌లో కూర్చోవడం కంటే అదే నయమని ఇప్పటికీ అంటాను.

ఈసారి రైల్లో వెళ్ళాం. విశాఖపట్నం నుంచి పొద్దున్నే కిరండూల్ పాసింజరు ఉంటుంది. మేం కొత్తవలసలో ఎక్కాం. అసలు ఆ లైను మొదలయ్యేదే అక్కడ. బైలడిల్లా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చి జపానుకి పంపడం కోసం 1960ల్లో వేసిన దారి అది. కిరండూల్ దాకా మొత్తం 58 సొరంగాలు. ఖనిజం కోసం వేసిన దారి మన పిల్లలకి దేశంలోకెల్లా మంచి ఆటబొమ్మ అయింది. 2017లో అద్దాల కప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టె కూడా తగిలించారు. అల్లుడుగారు అందులో టిక్కెట్లు తీద్దామన్నారు. నేను వద్దన్నాను. మోకాళ్ళ నొప్పులవాళ్ళకి అది హాయి, కాదనను. పిల్లలకి మాత్రం చువ్వల కిటికీ కావాలి. గాలి రావాలి, అడవి వాసన రావాలి.

ఆ కిటికీ చువ్వే వాళ్ళకి థర్మామీటరు. కొత్తవలసలో చెయ్యి వేసి చూడమన్నాను. శృంగవరపుకోట దగ్గర మళ్ళీ. బొడ్డవర, శివలింగపురం దాటి బండి కొండెక్కడం మొదలుపెట్టాక ప్రతి స్టేషనులోనూ ఇద్దరూ చువ్వ పట్టుకుని చూసేవారు. చిమిడిపల్లి వచ్చేసరికి ఎండలో ఉన్నా చువ్వ చల్లగా ఉంది. కిలోమీటరు ఎత్తుకి ఆరు డిగ్రీల చొప్పున చలి పెరుగుతుందని పుస్తకంలో చదివితే పరీక్ష దాకా గుర్తుంటుంది. అరచేతికి తెలిస్తే ఇంకొన్నాళ్ళు గుర్తుంటుందేమో. శిమిలిగూడ అని ఒక చిన్న స్టేషనుంది. సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు. ఒకప్పుడు దేశంలోని బ్రాడ్‌గేజి స్టేషన్లన్నిటిలోకీ ఎత్తైనదని దాని పేరు. కాశ్మీరు లైను పడ్డాక ఆ గొప్ప కాశ్మీరుకి పోయింది. మా మనవడికి అది అన్యాయంగా తోచింది. "బోర్డు మార్చేస్తారా అమ్మమ్మా?" అని రెండుసార్లు అడిగాడు.

ఇంక సొరంగాలు. ఇద్దరికీ చెరో చిన్న నోటు పుస్తకం, పెన్సిలు ఇచ్చాను. సొరంగం వచ్చినప్పుడల్లా ఒక గీత గీయాలి. అరకు చేరాక ఎవరి లెక్క ఎంతో చూద్దామన్నాను. ఇంట్లో పది నిమిషాలు ఒకచోట కుదురుగా కూర్చోని పిల్లలు మూడు గంటలు కిటికీ వదల్లేదు. మధ్యలో ఎదురు పట్టాల మీద ఎర్రమట్టి రంగు ధూళి కప్పుకున్న ఖనిజం బండి వస్తే దాని పెట్టెలు లెక్కపెట్టడం ఇంకో పని. ఫోను అడగలేదు. అడిగినా కొండల్లో సిగ్నలు అంతంతమాత్రమే. అది కూడా దేవుడు చేసిన మేలే.

రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకి ఒక మాట. ఘాట్‌లో పిల్లలకి కడుపులో తిప్పడానికి సగం కారణం చేతిలోని ఫోనే. కన్ను బొమ్మ మీద స్థిరంగా ఉంటుంది, లోపల చెవి మాత్రం ఒళ్ళు అటూ ఇటూ ఊగుతోందని చెప్తూ ఉంటుంది. ఆ రెంటికీ పొత్తు కుదరకే వాంతి. ఫోను లోపల పెట్టి, ముందు అద్దంలోంచి దూరంగా రోడ్డు చూడమనండి. బయల్దేరే ముందు పూరీ కూర పెట్టకండి, అలాగని ఖాళీ కడుపుతోనూ ఎక్కించకండి. రెండు ఇడ్లీలు చాలు. చెవులు దిబ్బడ వేస్తే ఆవులించమనండి, ఏ పిప్పరమెంటో చప్పరించమనండి. చంకలో పసిబిడ్డ ఉంటే పాలు పట్టండి, అదే సర్దుకుంటుంది.

రెండో రోజు బొర్రా గుహలకి వెళ్ళాం. లోపల మెట్లు తడిగా ఉంటాయి. చెప్పులు జారనివి వేసుకోవాలి. చేతిలో బిస్కట్ పొట్లం పట్టుకు వెళ్తే బయట కోతులు మీకు చెప్పకుండానే తీసుకుంటాయి. గుహల్లో గైడ్లుంటారు. టార్చి వేసి, ఇది శివపార్వతులు, ఇది మొసలి, ఇది మనిషి మెదడు అని గబగబా అప్పజెప్పుకుంటూ పోతారు. నాకెందుకో అది నచ్చదు. ఒక రాతిని మొసలి అనేశాక పిల్లవాడు ఇంక దాన్ని చూడడు, మొసలినే చూస్తాడు. మా గైడుని బతిమాలుకున్నాను, "నాయనా, నువ్వు వెలుతురు మాత్రం పట్టు, పేర్లు వాళ్ళు పెడతారు" అని. అతను కాసేపు చిన్నబుచ్చుకుని, తరవాత సరదా పడ్డాడు. మనవరాలు ఒకదానికి "అమ్మమ్మ జడ" అని పేరు పెట్టింది. ఇంకొకటి కరిగిపోతున్న కోను ఐస్‌క్రీము. గైడు పక్కనున్న ఇంకో గైడుని పిలిచి మరీ ఆ జడని చూపించాడు.

పైకప్పులో ఒకచోట కంత ఉంది. అందులోంచి ఎండ స్తంభంలా కిందికి దిగుతుంది. పూర్వం ఒక ఆవు ఆ కంతలోంచి పడిపోయిందనీ, వెతుక్కుంటూ దిగిన కాపరికి లోపల శివలింగం కనపడిందనీ కథ చెప్తారు. ఆ గుహల్లోంచి వచ్చే ఏటి పేరు గోస్తని. ఆవు పొదుగు అని అర్థం. కప్పు నుంచి వేలాడే రాళ్ళ కొసన బొట్టు బొట్టుగా నీళ్ళు కారుతుంటే ఆ పేరు పెట్టినవాళ్ళకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. మనవరాలు అరచెయ్యి చాపి ఒక బొట్టు కోసం నిలబడింది. బొట్టు పడటానికి చాలాసేపు పట్టింది. వెనకవాళ్ళు తోసుకుంటున్నారు. పడనిచ్చాం.

ఆ బొట్టు ఎక్కడికి పోతుందని అడిగింది. గోస్తని కొండ దిగి తాటిపూడి జలాశయంలో చేరుతుంది. అక్కణ్ణుంచి విశాఖపట్నం కుళాయిలకి వెళ్తుంది. మిగిలింది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. విశాఖలో మా చెల్లెలింట్లో పోయినసారి తాగిన నీళ్ళు ఇవేనా అని అడిగింది. అయ్యుండొచ్చు అన్నాను.

మరి రాయి కిందికి ఎలా పెరుగుతుందని పెద్దవాడి అనుమానం. వాననీరు మట్టిలోంచి దిగుతూ వాయువొకటి కలుపుకుని కాస్త పుల్లబడుతుంది. ఆ నీరు సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. గుహ కప్పుకి చేరి బొట్టుగా వేలాడినప్పుడు ఆ వాయువు ఎగిరిపోతుంది, కరిగిన సున్నం అక్కడే అంటుకుపోతుంది. ఇంటికొచ్చాక చేసి చూపించాను కూడా. రెండు గ్లాసుల వేడినీళ్ళలో బట్టల సోడా కరిగినంత కరిగించి, వాటి మధ్య ఒక ఉన్నిదారం వేలాడదీసి, రెండు కొసలూ గ్లాసుల్లో ముంచి, నడుమ కింద ఒక పళ్ళెం పెట్టండి. నాలుగైదు రోజుల్లో దారం మధ్య నుంచి తెల్లటి పుల్ల ఒకటి కిందికి దిగుతుంది. మా ఇంట్లో బొర్రా గుహ వంటింటి గట్టు మీద వారం రోజులుంది. పనమ్మాయి దాన్ని కడిగేయబోతే పెద్ద గొడవైంది.

పద్మాపురం తోటకి ఒక పూట వెళ్ళాం. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సైనికులకి కూరగాయలు పండించడానికి మొదలుపెట్టిన తోట అది. ఇప్పుడు గులాబీలు, చెట్ల మీద గుడిసెలు, బొమ్మ రైలు ఉన్నాయి. బొమ్మ రైలు ఎక్కి మనవడు, "ఇది సొరంగంలోకి వెళ్ళదా?" అన్నాడు. దాని సంగతి అంతటితో సరి.

గిరిజన మ్యూజియంలో మట్టిగోడల మధ్య, ఇళ్ళూ పనిముట్లూ పెళ్ళి వేడుకలూ బొమ్మల్లో పెట్టి చూపిస్తారు. బాగానే ఉంటుంది. అయితే అది చూసి బయటికి వచ్చిన పిల్లలు రోడ్డు మీద తలమీద కట్టెల మోపు పెట్టుకుని వెళ్ళే ఆవిణ్ణి కూడా ఆ బొమ్మల్లో ఒకటిగా చూసే ప్రమాదముంది. పెద్దవాళ్ళు అడక్కుండా ఫొటోలు తీస్తారు, పిల్లలు అదే నేర్చుకుంటారు. దానికి విరుగుడు సంత. అరకు చుట్టుపక్కల ఊళ్ళల్లో వారానికోసారి సంత జరుగుతుంది. ఏ ఊళ్ళో ఏ రోజో బస చేసిన చోట అడిగితే చెప్తారు. పిల్లలకి చెరో యాభై రూపాయలిచ్చి, ఇదివరకు మన ఇంట్లో లేని వస్తువొకటి కొనుక్కురమ్మన్నాను. నేను నాలుగడుగులు వెనక ఉన్నాను.

ఆ యాభై రూపాయలతో గంటన్నర తిరిగారు. పిప్పళ్ళు, కొండచీపుళ్ళు, పసుపు కొమ్ములు, రంగురంగుల రాజ్‌మా గింజలు. అమ్మేవాళ్ళలో వాళ్ళూ వాళ్ళూ ఆదివాసీ ఒడియాలో మాట్లాడుకుంటున్నారు, మాతో తెలుగులో. మనవడు రాజ్‌మా కొన్నాడు, వాటి మీది చారలు నచ్చి. మనవరాలు ఒక ముసలావిడ దగ్గర అడ్డాకుల కట్ట ముందు ఆగిపోయింది. ఆవిడ సన్నటి వెదురు పుల్లలు ఒక్కొక్కటే విరిచి ఆకుకి ఆకు కుట్టి విస్తరి చేస్తోంది. ఇది చూస్తూ నిలబడితే, ఆవిడ ఏమీ అనకుండా ఒక ఆకూ ఒక పుల్లా దీని చేతిలో పెట్టింది. మొదటి ఆకు చిరిగింది. రెండోది చిరిగింది. నాకు మొహమాటమేసి, ఆకులు పాడవుతున్నాయమ్మా అన్నాను. "చిరగనీ, అడవిలో ఆకులకేటి కరువు" అందావిడ. నాలుగో ఆకుకి పుల్ల నిలబడింది. ఆ రాత్రి మనవరాలు ఆ ఒంటరి రెండాకుల ముక్కలోనే పెరుగన్నం తింది. సగం కారిపోయింది.

మూడో రోజు చాపరాయి. డుంబ్రిగుడ దగ్గర ఏరు ఒక పెద్ద నున్నటి బండ మీద చాపలా పరుచుకుని జారుతుంది. పిల్లలకి ఇంతకంటే మంచి చోటు అరకులో లేదు. తెల్లారి వెళ్ళాలి. పదకొండు దాటితే బస్సులు వస్తాయి. నాచు పట్టినచోట బండ సబ్బులా జారుతుంది. వానాకాలంలో ఏరు జోరుగా ఉన్నప్పుడు గట్టునే ఉండండి. మామూలు రోజుల్లో కూడా నేను పెట్టిన కట్టుబాటు ఒకటుంది. పెద్దవాళ్ళలో ఒకరు ఎప్పుడూ పిల్లల కంటే దిగువన, నీళ్ళు పోయే వైపు కూర్చోవాలి. ఫోను లేకుండా. అల్లుడుగారు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి ఆ ఉద్యోగం రెండు గంటలు చేశారు. పిల్లలు గులకరాళ్ళతో ఆనకట్ట కట్టారు. ఆకులతో పడవలు వదిలారు. ఆనకట్ట మూడుసార్లు తెగింది. మేం చూడాల్సిన వ్యూ పాయింట్లు రెండు ఆరోజు చూడకుండా పోయాయి.

తిరిగి వస్తుంటే వలిసె చేలు పసుపుపచ్చగా పూసి ఉన్నాయి. పూలలో నిలబడి ఫొటో తీసుకోవాలంటే రైతులు తాడు కట్టి పదో ఇరవయ్యో అడుగుతున్నారు. మా ముందున్న కారువాళ్ళు దానికి గొణిగారు. నేనైతే ఇంకో పది వేసి ఇస్తాను. అది వాళ్ళు నూనె గింజ కోసం వేసుకున్న పంట, మనం తొక్కుతున్నది వాళ్ళ గానుగని. పిల్లల్ని గట్టు మీదే నడిపించాం.

కాఫీ తోట సంగతి చెప్పాలి. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊళ్ళో కాఫీ మ్యూజియం ఉంది, చాక్లెట్లు అమ్ముతారు, పిల్లలు సంతోషిస్తారు. కానీ నవంబరు, డిసెంబరుల్లో వెళ్తే తోటలోకే వెళ్ళండి. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియపు తీగలు ఉంటాయి. మేం రోడ్డు పక్కన పళ్ళు కోస్తున్న ఒక రైతుని అడిగి లోపలికి వెళ్ళాం. ఎర్రగా పండిన కాయ పిల్లలకిచ్చి, "తొక్క చప్పరించండి, గింజ ఊసేయండి" అన్నాడు. తియ్యగా ఉంది. లోపల జిగురుగా రెండు గింజలు, పొట్టకి పొట్ట ఆనించి పడుకున్న కవల పిల్లల్లా ఉన్నాయి. వాసన చూస్తే కాఫీ వాసన లేదు. మనవరాలు నమ్మలేదు. "ఇది కాఫీ కాదు తాతగారూ, మీరు వేరే చెట్టు పెంచుతున్నారు" అని అతనికి చెప్పింది. అతను పందిట్లో ఎండేసిన గింజలు చూపించాడు, ఇంట్లోంచి వేయించిన పొడి గుప్పెడు తెచ్చి వాసన చూపించాడు. పచ్చి గింజకీ ఆ వాసనకీ మధ్య ఎంత పనుందో ఆ గుప్పెడూ చెప్పింది. ఆ ఊళ్ళో ఇద్దరికీ చెరో అర గ్లాసు కాఫీ ఇప్పించాను. మా అమ్మాయి నా వైపు చూసింది, ఏమీ అనలేదు.

రాత్రుళ్ళు చలి బాగా ఉంటుంది. కోతి టోపీలు, సాక్సులు మరిచిపోకండి. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన మాంసం కూరి, ఆకుతో మూతి బిగించి, నిప్పుల మీద పెట్టే బొంగు చికెన్ ఇప్పుడు రోడ్డు పొడుగునా దొరుకుతుంది. చుక్క నూనె వెయ్యరు. కారం తక్కువ వెయ్యమని ముందే చెప్పాలి. మేం శాకాహారులం, అయినా పిల్లలు నిప్పుల దగ్గర కూర్చుని బొంగు ఎప్పుడు నల్లబడుతుందా, ఎప్పుడు చీలుస్తారా అని ఎవరిదో వంట చూస్తూ అరగంట గడిపారు.

ఆ తరవాత దీపాలకి దూరంగా రోడ్డు మీదికి నడిచాం. కార్తీక పౌర్ణమి వెళ్ళి పది రోజులైంది, చంద్రుడు ఇంకా రాలేదు. తూర్పున పిల్లలకోడి పైకి వచ్చింది. కృత్తికలు. కార్తీకానికి ఆ పేరు వచ్చింది ఆ చుక్కల వల్లే. ఎన్ని పిల్లలున్నాయో లెక్కపెట్టమంటే మనవడికి ఆరు కనపడ్డాయి, మనవరాలికి తొమ్మిది. నాకు కళ్ళద్దాలు పెట్టుకున్నా తెల్లటి మరకలాగే ఉంది. తొమ్మిది ఎలా వచ్చాయే అంటే, "కొన్ని నిద్రపోతున్నాయి, అవీ కలిపాను" అంది.

సొరంగాల లెక్క ఏమైందని మీరు అడగొచ్చు. అరకు స్టేషనులో దిగగానే పుస్తకాలు తీశారు. ఇద్దరికీ మూడు తేడా వచ్చింది. కారణం కూడా తేలింది. చీకట్లోకి వెళ్ళగానే పెట్టె మొత్తం పిల్లలందరితో కలిసి అరవడానికే వీళ్ళకి ఊపిరి సరిపోయేది. గీత గీయాలన్న సంగతి వెలుతురులోకి వచ్చాక గుర్తొచ్చేది. అప్పటికి ఒక్కోసారి ఇంకో సొరంగం వచ్చేసేది. దిగేటప్పుడు సరిగ్గా లెక్కపెట్టుకుందామని రాజీపడి తిరుగు ప్రయాణం కూడా రైల్లోనే చేశాం. కరకవలస దాటేదాకా ఇద్దరూ పెన్సిళ్ళు పట్టుకుని కూర్చున్నారు. బొర్రా దగ్గర చూస్తే మనవరాలు నా ఒళ్ళో నిద్రపోయింది. తియ్యాడ వచ్చేసరికి మనవడు కూడా. వాళ్ళ పుస్తకాలు రెండూ నా ఒళ్ళో పెట్టుకుని మిగతా గీతలు నేను గీశాను. శివలింగపురం దగ్గర, ఎవరూ చూడట్లేదు కదా అని, ఒక సొరంగంలో నేను కూడా కాస్త అరిచాను. ఆ గీత మరిచిపోయాను.